థరోబ్రెడ్ గుర్రాల్లో వంశం ప్రభావం నిజంగా ఎంత?

మామునూరు_వెటర్నరీ:
అందరికీ నమస్తే. మామునూరు వెటర్నరీ కాలేజీలో చదువుతున్నాను, వచ్చే నెల జెనెటిక్స్ సెమినార్‌లో థరోబ్రెడ్‌ల మీద, అంటే రేసుల కోసం పెంచే గుర్రాల జాతి మీద మాట్లాడాలి. ఎక్కడ చదివినా ఇప్పటి థరోబ్రెడ్‌ల మగ వంశాల్లో 95 శాతం ఒకే గుర్రం దగ్గరికి, 1704లో ఇంగ్లండ్‌కు తెచ్చిన డార్లీ అరేబియన్ దగ్గరికి చేరతాయనే ఉంది. విత్తు ఒకటి వేస్తే చెట్టు ఒకటి మొలుస్తుందా అంటారు, సరే, కానీ 300 ఏళ్ల తర్వాత ఆ గుర్రం బలం ఇప్పటి పిల్లలో ఏం మిగులుతుంది? మా హాస్టల్‌లో దీని మీద మస్తు గొడవ, సగం మంది రక్తమే అంతా అంటారు, మిగతావాళ్లు మేత, ట్రైనింగ్, జాకీ అంటారు. తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

మలక్‌పేట_గ్యాలరీ:
తమ్ముడూ, లెక్క కరెక్టే. బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్, ఈ మూడే మగ వంశాలకు మూలం. డార్లీ వంశం అంతగా నిలబడిందంటే 1764లో సూర్యగ్రహణం రోజు పుట్టిన ఎక్లిప్స్ వల్లే, 18 రేసులు ఆడి ఒక్కటీ ఓడలేదు. కానీ నేను రేసు పుస్తకం చేతికి రాగానే ముందు చూసేది తల్లి పేరు. సెక్రటేరియట్‌నే తీసుకో, 1973లో అమెరికాలో బెల్మాంట్ రేసును 31 లెంగ్త్‌ల (లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు) తేడాతో గెలిచిన గుర్రం, అంతటి దాని కొడుకుల్లో తండ్రి స్థాయికి వచ్చింది ఒక్కటీ లేదు, వంశం నిలబెట్టింది కూతుళ్లు. ఒక కూతురికి ఎ.పి.ఇండీ పుట్టింది, ఇంకో కూతురికి స్టార్మ్ క్యాట్, రెండూ పేరున్న మగ గుర్రాలే. తండ్రి పేరు మాత్రమే చూసి డబ్బు పెట్టేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

కరీంనగర్_డాక్టర్:
పైన అన్న చెప్పినదానికి అసలు కారణం ఇది. మగ వంశం అంటే ఇంటిపేరు లాంటిది, తండ్రి నుంచి కొడుక్కి మారకుండా వస్తుంది, శరీరంలో చూస్తే అది వై క్రోమోజోమ్ ఒక్కటే. మిగతా జన్యువుల్లో పది తరాల వెనకున్న ఒక పూర్వీకుడి వాటా సగటున వెయ్యిలో ఒకటి, అదే పేరు పెడిగ్రీలో (వంశవృక్షంలో) పదేపదే వస్తే తప్ప పెరగదు. ఎక్లిప్స్ తల్లి స్పిలెట్టా పెడిగ్రీ తీసి చూడు, ఆమె తండ్రి రెగ్యులస్, రెగ్యులస్ తండ్రి గొడాల్ఫిన్ అరేబియన్. అంటే ఎక్లిప్స్ ఇంటిపేరు డార్లీది, ఒంట్లో గొడాల్ఫిన్ రక్తం కూడా ఉంది. అందుకే 2001లో వచ్చిన ఒక లెక్కలో ఇప్పటి థరోబ్రెడ్‌ల మొత్తం జన్యు వాటా గొడాల్ఫిన్‌ది 13.8 శాతం, డార్లీది 6.5 శాతమే తేలింది. నీ సెమినార్‌కు ఇదే అసలు పాయింట్. ఇక మీ హాస్టల్ గొడవ సంగతి, ఎడిన్‌బరో పరిశోధకుల లెక్క ప్రకారం గుర్రాలు జీవితకాలంలో గెలిచే డబ్బులో ఉండే తేడాల్లో జన్యువుల వాటా దాదాపు 10 శాతమే.

ఓరుగల్లు_చరిత్ర:
నేల, మేత సంగతి కూడా మర్చిపోవద్దు తమ్మీ. కాకతీయుల కాలంలోనూ మంచి గుర్రాలు సముద్రం మీద అరేబియా వైపు నుంచే రావాల్సి వచ్చేది. మార్కోపోలో తమిళ తీరం గురించి రాస్తూ అక్కడ గుర్రాలకు మాంసం కలిపి వండిన అన్నం పెడతారని, ఎంత మేలైన జోడీకి పుట్టినా పిల్ల వంకర కాళ్లతో పనికిరాకుండా పుడుతుందని రాశాడు. అదే జాతి, అదే రక్తం, సాకే తీరు తెలియక పాడయ్యాయి.

మామునూరు_వెటర్నరీ:
చాలా థాంక్స్ అన్నా, థాంక్స్ సార్. ఇంకో డౌట్. మన దగ్గర ఎదకు వచ్చిన బర్రెకు గోపాలమిత్ర వచ్చి ముర్రా సెమెన్ స్ట్రా ఎక్కిస్తాడు, ఒక్క దున్నకు వేల దూడలు. థరోబ్రెడ్‌లో కృత్రిమ గర్భధారణ ఒప్పుకోరు కదా, మరి ఒకే వంశం అంతగా ఎట్లా పాకింది?

కరీంనగర్_డాక్టర్:
అవును, నేరుగా దాటిస్తేనే పిల్ల పేరు స్టడ్ బుక్‌లో (జాతి రిజిస్టర్‌లో) ఎక్కుతుంది. అయినా పేరున్న మగ గుర్రం దగ్గరికి ఒక్క సీజన్‌లో వందకు పైగా ఆడ గుర్రాలు వస్తాయి, దాని కొడుకులకూ అదే గిరాకీ. నార్తర్న్ డాన్సర్ 1961లో కెనడాలో పుట్టింది, పొట్టిగా ఉందని ఏడాది వయసులో 25,000 డాలర్లకు కూడా ఎవరూ కొనలేదు, 1964లో కెంటకీ డెర్బీ గెలిచింది. శాడ్లర్స్ వెల్స్, గెలీలియో, ఫ్రాంకెల్ లాంటి పేరున్న గుర్రాలు అంతా దాని సంతతే. డబ్లిన్ పరిశోధకులు 10,000 గుర్రాలు చూస్తే 97 శాతం పెడిగ్రీల్లో దాని పేరుంది, రక్తసంబంధం దగ్గరయ్యే కొద్దీ పిల్ల అసలు రేసుకే రాకుండా పోయే అవకాశం పెరుగుతోందని కూడా తేల్చారు. ఇంకోవైపు, మంచి రక్తం ఉన్నా గెలుపు గ్యారంటీ కాదు, 2006లో 1.6 కోట్ల డాలర్లు పెట్టి కొన్న ది గ్రీన్ మంకీ అనే గుర్రం పెడిగ్రీలో స్టార్మ్ క్యాట్ కూడా ఉంది, మూడు రేసులు ఆడి ఒక్కటీ గెలవలేదు.

ఈ రక్తం ఇరుకవ్వడమే నాకు పెద్ద టెన్షన్. థరోబ్రెడ్ స్టడ్ బుక్ నడిపే అమెరికా జాకీ క్లబ్ 2020లో ఒక మగ గుర్రానికి ఏడాదికి 140 ఆడ గుర్రాలే అని హద్దు పెట్టింది, కోర్టు కేసు పడ్డాక 2022లో వెనక్కి తీసుకుంది. ఆ హద్దు ఉండాల్సిందే అంటాను నేను, ఒకసారి కొన్ని వంశాలు పోయాయంటే వాటిని మళ్లీ తేవడం ఎవరి తరమూ కాదు, థరోబ్రెడ్‌లోకి బయటి రక్తం కలపనివ్వరు కదా.