హెబ్రీ 1:10-12కి ఏరియస్ పక్షం జవాబేమిటి?

యేసు సృష్టింపబడినవాడనే ఏరియస్ (4వ శతాబ్దపు క్రైస్తవ బోధకుడు) పక్షం వాదనలో సామెతలు 8:22, కొలొస్సయులకు 1:15 ఎప్పుడూ ముందుకొస్తాయి. వాటిమీద ఇరుపక్షాల జవాబులూ అరిగిపోయాయి, వదిలేద్దాం. అసలు చిక్కు హెబ్రీ 1:10-12. భూమికి పునాది వేశావంటూ కీర్తన 102:25-27 చెప్పేది యెహోవాకు; పత్రిక రచయిత అదే మాట కుమారునికి చెప్పాడు. దేవుడు కుమారుని ద్వారా లోకాలను చేశాడనే 1:2 చూపించి "కుమారుడు సాధనం మాత్రమే" అంటే సరిపోదు. యెషయా 44:24లో యెహోవా తానొక్కడే ఆకాశాన్ని పరిచానంటాడు కదా! పైగా ఆకాశాలు వస్త్రంలా పాతబడ్డా మారనివాడంటే, సృష్టింపబడినవాడికి ఆ మాట ఎలా సరిపోతుంది?

కుమారుడు సృష్టి కాదు, దేవుడే అన్న నైసీయా సభ (325) పక్షానికీ ఒక చిక్కుంది: 1:9లోని "నీ దేవుడు" అన్నది కుమారుని మానవ స్వభావానికే పరిమితమైతే, 1:8లో "దేవా, నీ సింహాసనం" అన్న సింహాసనం ఎవరిది?

తెలిసినవారు దయచేసి వచన సంఖ్యలతో చెప్పగలరా? కీర్తన సందర్భాన్ని దాటేసే జవాబులు మాత్రం వద్దండీ.