‘పొడిచి పడియె’: వీరగల్లు మీది రెండు క్రియలు

మన చిత్తూరు ప్రాంతపు వీరగల్లుల (పోరులో చనిపోయినవాడి గుర్తుగా నిలిపిన రాళ్ల) మీద కనిపించే ‘పొడిచి పడియె’ అన్న మాటను నేటి తెలుగులో ‘వీరస్వర్గమును అలంకరించెను’ అని రాయవచ్చునా అని ఈ సమూహంలో ఒక మిత్రుడు అడిగారు. రాయకూడదని నా అభిప్రాయం. ఒక మామూలు పల్లెటూరి బంటు ఎలా బతికాడో, ఎలా చనిపోయాడో చెప్పడానికి ఆ కాలం వాళ్లు వాడుకున్నవి ఆ రెండు క్రియలే కనుక, వాటి మీద మరో గొప్ప మాటను కప్పేముందు వాటిని కొంచెం నిదానంగా చూడాలి.

పొడుచుట అంటే ఇప్పుడు మనకు కత్తితోనో కొమ్ముతోనో గుచ్చడమే గుర్తుకు వస్తుంది కానీ, పాత తెలుగులో దానికి పోరాడుట అన్న అర్థం కూడా ఉంది. పోటు, పోట్లాట, పోటుబంటు అన్న మాటలన్నీ ఆ ధాతువు నుంచి వచ్చినవే. కోడిపుంజులు పొడుచుకుంటున్నాయని అనేటప్పుడు మన ఊళ్లలో ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది.

అసలు చిక్కు ‘పడు’ దగ్గర వస్తోంది. కష్టపడు, బాధపడు, భయపడు అని నిత్యం వాడి వాడి, ఆ క్రియలో ఏదో దైన్యం ఉన్నట్టు మన చెవికి తోస్తోంది. యుద్ధంలో ప్రాణం విడవడాన్ని పడుట, కూలుట, మడియుట అని చెప్పడం మన పాత కవులకు మామూలే; ఆ మాట కర్ణుడంతటి వాడికి కూడా తక్కువ కాలేదు. సరిహద్దుకు అవతలి తమిళ నడుగల్లుల (అక్కడి వీరగల్లుల) మీద ఉండే ‘పట్టాన్’ (పడ్డాడు) కూడా ఇదే ధాతువు. కన్నడ వీరగల్లులు ‘ఇఱిదు సత్త’, అంటే పొడిచి చచ్చాడు, అని ఇంకా సూటిగా చెప్తాయి. మూడు భాషలూ కలిసే ఈ సీమలో మూడింటిదీ ఒకటే తీరు: మొదట వాడు చేసిన పని, తరువాత వాడికి జరిగినది. ‘వీరస్వర్గమును అలంకరించెను’ అంటే ఆ మొదటి భాగం పూర్తిగా మాయమవుతుంది. వాడు పోరాడాడన్న సంగతే మిగలదు.

చిప్పిలి రాజధానిగా రేనాడును (నేటి కడప, దాని చుట్టుపక్కల సీమను) ఏలిన వైదుంబ రాజులు, బాణ రాజులతో కలిసి, నొలంబ, గంగ రాజులతో సోరెమడి అనే చోట చేసిన యుద్ధాన్ని 9-10 శతాబ్దాల నాటి అనేక వీరగల్లులు ప్రస్తావిస్తాయి. వాటి రచనలో ఒక విశేషం ఉంది. ‘స్వస్తిశ్రీ’ అని మొదలై రాజు పేరు, బిరుదులు వచ్చేంతవరకు భాష సంస్కృతంతో బరువుగా నడుస్తుంది. ఫలానావాని కొడుకు, ఫలానావాని బంటు అని సైనికుడి దగ్గరికి వచ్చేసరికి అచ్చతెలుగులోకి దిగుతుంది. స్వర్గం అన్న మాట చెక్కేవాళ్లకు తెలియక కాదు, ఆ మాటున్న వీరగల్లులు కన్నడంలో ఉన్నాయి. కానీ ఇక్కడ రాయించినవాళ్లకు కావలసింది ఆ ఊరివాళ్లు తమ మనిషిని గుర్తుపట్టడం అని నేను అనుకుంటాను.

మా వైపు చెరువు గట్టు మీద వేపచెట్టు కింద ఉన్న ఒక రాతినే చూడండి. మోకాలెత్తు బండ, సగం మట్టిలో కూరుకుపోయింది. కుడిచేత బాకు, ఎడమచేత విల్లు, తల వెనక్కి లాగి కట్టిన కొప్పు, నడుముకు బిగించిన దట్టీ. ఒంటి మీద ఒక్క నగ కూడా లేదు. మొహం పసుపు కుంకుమలతో అరిగిపోయింది. అక్షరాలు కొన్నే మిగిలాయి. చదవడం రాని వాళ్లు కూడా దానిని ‘వీరుడు’ అనే పిలుస్తారు, పండుగకు పొంగలి పెడతారు.

ఇలాంటి వాడు ఏడాదిలో ఎక్కువ భాగం మడిలోనో మందవెంటో గడిపి, పిలుపు వచ్చినప్పుడు విల్లు పట్టుకుని పోయినవాడే అయి ఉంటాడు. అందరూ రాజు యుద్ధాల్లోనే పోలేదు; ఊరి పసులను దొంగలు తోలుకుపోతుంటే అడ్డం తిరిగి పడినవాళ్లకు కూడా రాళ్లు నిలిపారు. పడినవాడి కుటుంబానికి పన్ను లేకుండా ఇచ్చిన భూమికి రక్తమాన్యం అన్న పేరు కూడా మనకు ఉంది. ఆ పేరులోనూ అలంకారం లేదు. ఏమి పోయింది, బదులుగా ఏమి వచ్చింది అన్నది రెండు ముక్కల్లో చెప్తుంది.

అందువల్ల నేటి తెలుగులో ‘పోరాడి నేలకొరిగాడు’ అని రాయమని నా సూచన. ‘నేలకొరిగాడు’లో పడటం ఉంది, గౌరవమూ ఉంది. ‘అసువులు బాసెను’, ‘అమరుడయ్యెను’ అన్నవి పత్రికలకు బాగుంటాయేమో కానీ, ఈ రాళ్లకు నప్పవు. వీలైతే ‘పొడిచి పడియె’ అన్న మూలాన్ని పైన అలాగే ఉంచి, దాని కింద ఈ అర్థాన్ని రాయండి. పుంగనూరు, పలమనేరు, కుప్పం వైపు పెద్దవాళ్ల నోట పోరులో చనిపోయినవాడిని గురించి ‘పడినాడు’ అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంటే, ఏ సందర్భంలో అన్నారో వాక్యంతో సహా ఇక్కడ రాయవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.