సమస్య: గొంతు తగ్గింపగా ధర కొండకెక్కె

నిర్వాహకుడు: ఈ వారం తేటగీతి పద్యం. పైన ఇచ్చింది చివరి పాదం, ముందు మూడు పాదాలూ మీరు రాయాలి. వేలంపాట మీదే పూరించాలి. అరిస్తేనే ధర లేస్తుందని అందరం అనుకుంటాం కదా, మరి తగ్గిస్తే ఎలా లేచింది? హైదరాబాద్ బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలంలో 1994లో రూ.450, 2024లో రూ.30.01 లక్షలు. భక్తి, పరపతి, పంతం ఎన్నున్నా మైకు పట్టుకున్నవాడి గొంతుకీ అందులో వాటా ఉందని నా నమ్మకం.

కొబ్బరాకు:
ఒకటి రెండని కేకతో నూరు మోగ
మూడు మాత్రము గుసగుస మోస్తరుండ
చేయి జారునో లడ్డని చేతులెత్త
గొంతు తగ్గింపగా ధర కొండకెక్కె

నిర్వాహకుడు: భేష్. అసలు కిటుకు రెండో పాదంలో ఉంది. 'రెండోసారి' దాకా ఊపు మీద వచ్చి, మూడోసారికి ముందు ఒక్క క్షణం ఆగి, గొంతు దించి, చివరగా పాడినవాడి మొహంలోకి కాదు, వాడి పక్కనున్నవాడి మొహంలోకి చూస్తూ 'మూడో...' అని సాగదీస్తే, ఆ సాగులోనే ఇంకో పదివేలు వచ్చి పడతాయి. అయితే కొబ్బరాకు గారూ, 'చేతులెత్త' అంటే ఓటమి ఒప్పుకున్నట్టు వినిపిస్తోంది. 'చేయి లేవ' అనండి, గణాలూ (పాదంలోని అక్షరాల గుంపులు) యతీ (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) చెక్కుచెదరవు.

కొబ్బరాకు: నిజమే గురువుగారూ, మార్చేస్తాను.

రేవు పిల్ల:
పడవ దిగినట్టి రొయ్యల పాటలోన
నరచి యరచి దలారి తా నాపినంత
చెవులు రిక్కించి కొనువారు చేరువైరి
గొంతు తగ్గింపగా ధర కొండకెక్కె
(అరసున్నాల జోలికి నేను పోను, ముందే చెప్తున్నా)

నిర్వాహకుడు: ఈ పూటకి నాకు నచ్చింది ఇదేనమ్మా. 'చేరువైరి' అన్న ఒక్క మాటతో పని జరిగిపోయింది. వినబడక దగ్గరికొచ్చినవాడు సరుకుని కూడా దగ్గర్నుంచి చూస్తాడు, ఇంక వెనక్కి పోవడం కష్టం.

రేవు పిల్ల: థాంక్సండీ. కానీ తగ్గించేది గొంతునే, మాటని నమలకూడదు. ఇంజన్ల మోతలో ఎనభై, తొంభై రెండూ చివరి 'భై' మాత్రమే వినిపిస్తాయి, తర్వాత గొడవలు. అందుకే మా వాళ్లు 'ఎన'నీ 'తొం'నీ ఒత్తి పలుకుతారు. గొంతులోంచి కాక పొట్టలోంచి పలికితే గంటసేపు పాడినా బొంగురు పోదు.

శేషాద్రి దారి:
అలుక మానవే భూదేవి యనుచు శౌరి
బుజ్జగింపగ మెత్తగ ముదము తోడ
మారు పలుకక తిరుమల మగని వెంట
గొంతు తగ్గింపగా ధర కొండకెక్కె

నిర్వాహకుడు: ధర అంటే భూమి కూడా కదా, దాన్ని భూదేవిని చేసి కొండెక్కించేశారా! నడక హాయిగా ఉంది. కానీ అన్నా, వేలం ఏది? ఇది తప్పించుకోవడమే, సగం మార్కులు.

శేషాద్రి దారి: సగమైనా ఇచ్చారు, సంతోషం. అసలు పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం చేసేవాళ్లకి గొంతే అక్కర్లేదు కదా, దాని మీద రాద్దామనుకున్నా, 'గొంతు తగ్గింపగా' అని సమస్య ఇచ్చి అడ్డం కొట్టారు.

కొత్త గొంతు: నమస్తే, మొదటిసారి రాస్తున్నా. ఒక్క పాదమే వచ్చింది:
మైకు పెద్దగా పెట్టిన నెవరు వినరు

నిర్వాహకుడు: గణాలు సరిపోయాయి తమ్ముడూ, యతి తప్పింది. మొదటి అక్షరం 'మై', నాలుగో గణం 'నె'తో మొదలైంది. ఐకారానికి అకారంతో మైత్రి కుదురుతుంది కాబట్టి 'మ'తో మొదలెట్టు: 'మైకు పెద్దగా పెట్టిన మరలిపోరె'. భావం కూడా గట్టిపడింది చూడు. మొదట్నుంచీ గొంతు చించుకునేవాడికి చివర్లో పెంచడానికీ తగ్గించడానికీ ఏమీ మిగలదు, జనం చెవులు మూసుకుంటారు. ఇంక రెండు పాదాలే, కానియ్యి.

కొత్త గొంతు: రాత్రికి పెడతానండి. సాయంత్రం మా వీధి లడ్డూ పాట, మైకు నాకే ఇచ్చారు, టెన్షన్‌గా ఉంది.

రేవు పిల్ల: గోరువెచ్చటి నీళ్లు దగ్గర పెట్టుకో. ఐస్ వేసిన కూల్‌డ్రింకు ముట్టుకోకు.