కబడ్డీలో విరిగిన వేలికి తీగలు తప్పవా, కట్టు సరిపోదా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నాలుగు రోజుల క్రితం మా తమ్ముడు కబడ్డీ ఆడుతూ ఎదుటి ఆటగాడి చొక్కా పట్టుకున్నప్పుడు కుడిచేతి ఉంగరపు వేలు మెలిపడి, అరచేతిని ఆనుకొని ఉండే మొదటి ఎముక ఏటవాలుగా విరిగింది. ఎక్స్-రేలో చీలిక సన్నగానే కనిపిస్తున్నా, రెండు కె-వైర్లు (విరిగిన ముక్కలను కదలకుండా పట్టి ఉంచే సన్నని లోహపు తీగలు) వేయాలనీ, వాటి కొసలు చర్మం బయటే ఉంటాయనీ వైద్యులు చెప్పారు. ఇంట్లో పెద్దవాళ్లేమో పుత్తూరు కట్టు చాలంటున్నారు. ఇంత చిన్న ఎముకకు ఆపరేషన్ నిజంగా అవసరమా? తీగ బయటికి ఉంటే చీము పట్టదా?

ఒక ఎముకల వైద్యుని సమాధానం:
ఎక్స్-రేను పక్కన పెట్టి, నొప్పి ఓర్చుకోగలిగినంత మేర మీ తమ్ముణ్ణి నెమ్మదిగా పిడికిలి ముడవమనండి. వేళ్లన్నీ బొటనవేలి మొదలు వైపు వాలాలి. ఉంగరపు వేలు పక్క వేలి మీదికో కిందికో పోతే ఎముక మెలి తిరిగిందని అర్థం, అది ఎక్స్-రేలో సరిగా తెలియదు. అడ్డంగా విరిగి కదలకుండా ఉన్న ఎముకకు కట్టు చాలు. ఏటవాలుగా విరిగినప్పుడు మాత్రం, పైన ఎంత గట్టిగా కట్టినా లోపలి స్నాయువులు లాగుతూనే ఉంటాయి కాబట్టి ముక్కలు ఒకదానిపై ఒకటి జారి వేలు పొట్టిదవుతుంది. జర్మన్ శస్త్రవైద్యుడు మార్టిన్ కిర్ష్నర్ 1909లో పరిచయం చేసిన ఈ తీగలు, వేళ్లకు వాడేవి, సుమారు ఒక మిల్లీమీటరు మందమే ఉంటాయి. చేతికి మాత్రమే మత్తు ఇచ్చి, సీ-ఆర్మ్ అనే ఎక్స్-రే యంత్రం తెరపై ఎముకను అప్పటికప్పుడు చూస్తూ, సాధారణంగా కోత లేకుండానే వేస్తారు. ఆలస్యం మాత్రం చేయకండి: రెండు మూడు వారాలు గడిస్తే ముక్కలు వంకరగానే అతుక్కోవడం మొదలై, కోసి సరిచేయవలసి వస్తుంది.

ఒక ఫిజియోథెరపిస్టు:
నా అనుభవంలో ఎముక అతకకపోవడం కంటే కణుపులు బిగుసుకుపోవడమే పెద్ద బాధ. అందుకే తీగలను మూడు నాలుగు వారాలకే తీసేస్తారు. అప్పటికి ఎక్స్-రేలో గీత కనిపిస్తూనే ఉంటుంది, కొన్ని నెలలు ఉంటుంది కూడా. నొక్కితే నొప్పి లేకపోవడమే అసలు గుర్తు. వైద్యులు అనుమతించిన మేరకు మిగిలిన వేళ్లను మొదటి రోజు నుంచే ఆడించమనండి, చేతిని గుండె కంటే ఎత్తులో ఉంచమనండి.

తీగ వేయించుకున్న ఒకరు:
చీము గురించి అడిగారు కనుక చెబుతున్నాను. నాకు చిటికెన వేలికి వేశారు. కట్టు తడిసినా రెండు రోజులు పట్టించుకోలేదు, తీగ చుట్టూ ఎర్రబడి రసి కారింది, మాత్రలతో తగ్గింది. తప్పు నాదే. మధుమేహం ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. తీయడానికి మాత్రం మత్తు కూడా ఇవ్వలేదు, ఓపీలోనే క్షణాల్లో లాగేశారు.

అడిగినవారు:
పిడికిలి ముడిపించి చూశాము. ఉంగరపు వేలు చిటికెన వేలి కిందికి పోతోంది. అమ్మ కూడా చూసింది, ఆ తరువాత కట్టు మాట ఎత్తలేదు. రేపు ఉదయం ఆసుపత్రికి వెళ్తున్నాము.