వాకీటాకీ చర్చ: లైసెన్స్ అక్కర్లేని చిన్న సెట్‌తో సరిపెట్టుకోవాలా, 5 వాట్లది కొనేస్తే ఏమైనా తప్పా?

దారితప్పినవాడు:
మేం 14 మందిమి. ఏడాదికి రెండు మూడుసార్లు ఫోన్ సిగ్నల్ అందని కొండల్లో నడుస్తాం. ముందు నడిచేవాళ్లకీ వెనకబడ్డవాళ్లకీ మధ్య గంట తేడా వచ్చేస్తోంది, ఎవరు ఎక్కడున్నారో తెలియక టెన్షన్. సరే ఆరు వాకీటాకీలు కొందాం అనుకున్నాం, అక్కడే గ్రూపు రెండుగా చీలింది. సగం మంది లైసెన్స్ అక్కర్లేని అర వాట్ సెట్లు చాలంటున్నారు. మిగతా సగం (నేను ఈ పార్టీయే) ఏ ఫ్రీక్వెన్సీ కావాలంటే అది పెట్టుకోగలిగే 5 వాట్ల సెట్ కొని, అందులో ఆ లైసెన్స్ లేని చానెళ్లే ఎక్కించుకుంటే పోలా అంటున్నాం. అడవిలో ఎవడొచ్చి చూస్తాడు, ఎవరికి నష్టం? తిట్టకుండా చెప్పండి.

పాతయాంటెన్నా:
తిట్టను గానీ ఒక పొరపాటు ముందే సరిదిద్దాలి. "లైసెన్స్ లేని చానెల్" అని విడిగా ఏదీ ఉండదండీ. మినహాయింపు అనేది ఒక పూర్తి ప్యాకేజీ: ఈ ఫ్రీక్వెన్సీలో, ఇంత పవర్ దాటకుండా, ఈ రకం యాంటెన్నాతో, ఆమోదం పొందిన సెట్ అయితే లైసెన్స్ అడగం, అంతే. అందులో ఏ ఒక్కటి మారినా మినహాయింపు పోతుంది. అవే చానెళ్లు 5 వాట్ల సెట్‌లో ఎక్కించుకోవడం ఆ లెక్కలో నిలబడదు.

పైగా ఇది దేశానికో తీరు. యూరప్‌లో పీఎంఆర్446 అని 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ దాకా, 16 చానెళ్లు, అర వాట్, యాంటెన్నా సెట్‌కి అతికే ఉండాలి. భారత్‌లో కూడా 2018 నిబంధనలతో అదే 446.0-446.2 ముక్కకి లైసెన్స్ మినహాయింపు ఇచ్చారు, కాకపోతే సెట్‌కి టైప్ అప్రూవల్ ఉండాలి. అమెరికాలో లైసెన్స్ అక్కర్లేని వాకీటాకీ సర్వీసు ఎఫ్ఆర్ఎస్, అది వేరే చోట ఉంటుంది, 462, 467 మెగాహెర్ట్జ్ దగ్గర 22 చానెళ్లు, 2017లో నిబంధనలు మార్చి వాటిలో 15 చానెళ్లకి 2 వాట్ల దాకా అనుమతించారు, 8 నుంచి 14 వరకు మాత్రం అర వాటే. ఆస్ట్రేలియాలో 477 మెగాహెర్ట్జ్ దగ్గర 80 చానెళ్లు, 5 వాట్లు, ఎవరికి వారు లైసెన్స్ తీసుకోనక్కర్లేదు. అంటే 5 వాట్లు అనేదే నేరం కాదు, ఎక్కడ నిలబడి బటన్ నొక్కుతున్నారన్నదే లెక్క. ఒక దేశంలో ఆటబొమ్మలా అమ్మే సెట్‌ని బ్యాగులో వేసుకుని ఇంకో దేశంలో దిగితే అక్కడ అదే నేరం కావచ్చు. కొన్నిచోట్ల వాడకపోయినా, దగ్గర పెట్టుకోవడానికే అనుమతి కావాలి.

మూడోబ్యాటరీ:
పుస్తకంలో ఉన్నది అప్పజెప్పారు, బాగుంది. నేను నాలుగేళ్లుగా ఓపెన్ సెట్, అదే, ఏ ఫ్రీక్వెన్సీ అయినా పెట్టుకోగలిగేది, వాడుతున్నా. లో పవర్‌లో పెట్టి, ఖాళీ చానెల్ చూసుకుని, పది సెకన్లు మాట్లాడి ఆపేస్తా. ఎవరి కొంప మునిగింది? యాంటెన్నా ఊడకూడదన్న రూల్ అయితే మరీ అన్యాయం. బొటనవేలంత యాంటెన్నా ఇచ్చి కొండల్లో వాడుకోమంటే ఎలా? 446 దగ్గర పావు తరంగం పొడవే 17 సెంటీమీటర్ల దాకా వస్తుంది, అందులో సగం కూడా ఉండదు ఈ బొమ్మ సెట్లకి. రేంజి తగ్గేది పవర్ వల్లే కాదు, దాని వల్ల కూడా.

కొండగొర్రె:
యాంటెన్నా గురించి మూడోబ్యాటరీ చెప్పింది నిజమే, ఒప్పుకుంటా. కానీ 5 వాట్లు కొంటే సమస్య తీరిపోతుందన్న భ్రమ నాకూ ఉండేది, అది పోయిన రోజు చెప్తా.

ఒక గుట్ట చుట్టూ తిరిగే దారి. నేను ఇటు, మావాడు అటు, మ్యాప్‌లో చూస్తే మధ్య దూరం కిలోమీటరున్నర. అర వాట్ సెట్‌లో గరగర తప్ప ఏమీ లేదు. మా ఇద్దరి దగ్గరా లైసెన్స్ ఉన్న పెద్ద సెట్లు చెరొకటి ఉన్నాయి, సరే అని 5 వాట్లలో పిలిచా. గరగర కొంచెం తగ్గింది, మాట మాత్రం అర్థం కాలేదు. ఇక విసుగొచ్చి గుట్ట మీదకి ఓ ఇరవై నిమిషాలు ఎక్కి, ఊరికే చూద్దామని చిన్న సెట్‌తోనే పిలిస్తే పక్కన కూర్చుని మాట్లాడినట్టు వినిపించాడు. మధ్యలో రాయి ఉంటే పవర్ ఏం చేస్తుంది.

లెక్క కూడా వేసుకోండి. అర వాట్ నుంచి 5 వాట్లకి పది రెట్లు. ఏ అడ్డూ లేని చోట కూడా దూరం పెరిగేది సుమారు మూడు రెట్లే, చెట్ల మధ్య రెండు రెట్లు కూడా రావడం కష్టం. బ్యాటరీ మాత్రం గబగబా దిగిపోతుంది. ఇంకా సెట్ నడుముకి తగిలించుకుని, పైన వైర్ మైకు పెట్టుకుని మాట్లాడేవాళ్లుంటారు, సిగ్నల్‌లో పెద్ద భాగం వాళ్ల ఒళ్లే మింగేస్తుంది. చేతిలోకి తీసుకుని, ముఖం ఎత్తులో, యాంటెన్నా నిటారుగా పెట్టి మాట్లాడితే సగం గొడవలు అక్కడే తీరతాయి. పడుకోబెట్టి మాట్లాడకండి, అవతలివాడి యాంటెన్నా నిటారుగా ఉంటే సిగ్నల్ బాగా పడిపోతుంది.

దారితప్పినవాడు:
మరి డబ్బా మీద "35 మైళ్లు" అని రాస్తారు కదా, అంటే 56 కిలోమీటర్లు. అంతా అబద్ధమేనా?

పాతయాంటెన్నా:
అబద్ధం కాదు, గడుసుతనం. చదునైన నేల మీద ఇద్దరు నిలబడి మాట్లాడితే భూమి వంపే దాదాపు 10 కిలోమీటర్ల దగ్గర అడ్డొస్తుంది. ఒకడు 100 మీటర్ల కొండెక్కితే అది 45 దాటుతుంది. అంటే ఒకడు ఇంకా ఎత్తైన కొండ కొమ్మున, ఒకడు కింద మైదానంలో, మధ్యలో చెట్టూ చేమా లేకుండా ఉంటే ఆ 56 వస్తాయి. అడవిలో అయితే ఒకటి రెండు కిలోమీటర్లు అనుకుని ప్లాన్ చేసుకోండి, ఎక్కువొస్తే అదృష్టం.

చెవులపిల్లి:
ఎవరికి నష్టం అని అడిగారు కాబట్టి చెప్తున్నా. ఒక సైకిల్ ఈవెంట్‌లో మేం వాలంటీర్లం, అందరివీ లైసెన్స్ లేని చిన్న సెట్లే. మధ్యాహ్నం ఎవరిదో పెద్ద సెట్ బ్యాగులో బటన్ నొక్కుకుపోయింది. అరగంట పైగా మా చానెల్ మీద జిప్పు శబ్దం, అడుగుల చప్పుడు, ఎవరో ఈల వేసుకుంటూ నడుస్తున్న పాట. మాది అర వాట్, దాని మీద గెలవలేం. చివరికి చానెల్ మారదాం అని చెప్పడానికి ఒక్కో పాయింట్ దగ్గరికీ మనిషిని పంపాం. చిన్న సెట్‌కైనా బటన్ ఇరుక్కుంటుంది, కాదనను. కానీ దాని ప్రభావం ఆ చుట్టుపక్కల వరకే ఉంటుంది.

ఇంకోటి, ఈ "ప్రైవసీ కోడ్" అనే పేరు పెట్టినవాళ్లని ఏమనాలో తెలియదు. అది రహస్యం కాదు. మీ మాటతో పాటు వినపడనంత మంద్రమైన ఒక టోన్ వెళ్తుంది, ఆ టోన్ ఉన్న మాటకే అవతలి స్పీకర్ తెరుచుకుంటుంది, అంతే. కోడ్ పెట్టని వాడెవడైనా మీ మాటలన్నీ వింటాడు. మా టీమ్‌లో ఒకసారి ముందున్నవాళ్లు కోడ్ 5 పెట్టుకున్నారు, వెనకవాళ్లు సున్నాలో వదిలేశారు. వెనకవాళ్లకి అన్నీ వినిపిస్తున్నాయి, వీళ్లు ఎంత అరిచినా ముందువాళ్లు పలకరు. "కావాలనే పలకట్లేదు" అని అలిగి కూర్చున్నారు కూడా! బయల్దేరే ముందు అన్ని సెట్లూ ఒకచోట పెట్టి ఒక్కొక్కటీ నొక్కి చూడండి. వేర్వేరు కంపెనీల సెట్లయితే కోడ్ నంబర్ ఒకటే అయినా టోన్ వేరే ఉండొచ్చు, హెర్ట్జ్ విలువ చూసి కలపండి. లేదా కోడ్ తీసేయండి, అది ఇంకా హాయి.

మూడోబ్యాటరీ:
సరే, ఈల కథకి నవ్వొచ్చింది. కానీ ప్రాణం మీదకొస్తే? లోయలో ఒకడికి కాలు విరిగింది, ఓపెన్ సెట్ ఉంటే పోలీసులదో రెస్క్యూవాళ్లదో ఫ్రీక్వెన్సీ పట్టుకుని పిలవచ్చు కదా. అప్పుడు కూడా రూల్స్ చదువుతారా?

పాతయాంటెన్నా:
ప్రాణాపాయంలో, వేరే దారే లేనప్పుడు, చేతిలో ఉన్న ఏ సాధనంతోనైనా సాయం అడగడానికి అమెరికా హామ్ (పరీక్ష రాసి లైసెన్స్ తీసుకునే అభిరుచి రేడియో) నిబంధనల్లో చోటుంది, నిజమే. కానీ "ఎప్పుడైనా అవసరం పడొచ్చు" అని రోజూ వాడుకోవడానికి అది పర్మిట్ కాదు. ఇంతకీ అటువైపు మీ మాట వినేదెవరు? చాలా రెస్క్యూ వ్యవస్థలు ఇప్పుడు డిజిటల్, ట్రంకింగ్ (చానెళ్లని కంప్యూటరే పంచే పద్ధతి) మీద నడుస్తాయి, మీ సెట్ గొంతు అక్కడ వినపడదు. వినపడినా మీరున్న లోయ నుంచి సిగ్నల్ బయటికి రావాలి. ఆ భయం ఉన్నవాళ్లు 406 మెగాహెర్ట్జ్ శాటిలైట్ బీకన్ పట్టుకెళ్లాలి, దాని సంకేతం కోస్పాస్-సార్‌శాట్ ఉపగ్రహాల ద్వారా రెస్క్యూ కేంద్రానికి చేరుతుంది. వాకీటాకీ మీలో మీరు మాట్లాడుకోవడానికి.

నిజంగా పవర్ కావాలంటే దొంగదారి ఎందుకు? అమెరికాలో ఉంటే జీఎంఆర్ఎస్ అనే ఎక్కువ పవర్ వాకీటాకీ లైసెన్స్ తీసుకోండి, పరీక్ష లేదు, ఒక్కరు ఫీజు కడితే 10 ఏళ్లు, ఇంట్లోవాళ్లందరికీ వర్తిస్తుంది, రిపీటర్లు (మాటను అందుకుని మళ్లీ దూరానికి పంపే స్టేషన్లు) కూడా వాడుకోవచ్చు. స్నేహితులకి వర్తించదు, అది గుర్తుంచుకోండి. సెట్ కూడా జీఎంఆర్ఎస్‌కి ఆమోదం పొందిందే అయ్యుండాలి. మిగతా చోట్ల హామ్ పరీక్ష రాయండి, కష్టమేం కాదు. కాకపోతే హామ్ లైసెన్స్ వచ్చింది కదా అని ఆ సెట్‌తో 446 చానెళ్లలోకి దూరకూడదు, చాలామంది చేసే తప్పు ఇదే.

దారితప్పినవాడు:
నిన్న నాలుగు అర వాట్ సెట్లు అరువు తెచ్చి నడిచి చూశాం. చదునులో ఇంచుమించు రెండు కిలోమీటర్లు బాగా పలికాయి, వాగు దాటి పల్లంలోకి దిగగానే పోయాయి. కొండగొర్రె గారి గుట్ట కథ గుర్తొచ్చి ఒకణ్ణి మధ్యలో ఎత్తు మీద ఆపి, అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పిస్తే మొత్తం దారి కవరయింది. పాపం వాడికి నడక కంటే నోరు నొప్పెక్కువైంది. బటన్ నొక్కి ఒక క్షణం ఆగి మాట్లాడటం అందరికీ అలవాటు కావడానికే పూట పట్టింది, అప్పటిదాకా ప్రతి మాటలో మొదటి అక్షరం గాయబ్. చిన్న సెట్లే కొంటున్నాం. మా పార్టీలో ఇద్దరు ఇంకా ఒప్పుకోలేదు.

మూడోబ్యాటరీ:
ఆ ఇద్దరికీ నా సానుభూతి. యాంటెన్నా మీద నా మాట నేను మార్చుకోను.

దారితప్పినవాడు:
ఒక్కటి చెప్పి పుణ్యం కట్టుకోండి, మాట అయిన ప్రతిసారీ వచ్చే ఆ బీప్ ఆపేదెలా? రోజంతా విని పిచ్చెక్కింది.

చెవులపిల్లి:
మెనూలో రోజర్ బీప్ అని ఉంటుంది, ఆఫ్ చేయండి. ఆరు సెట్లలోనూ.