చంద్రగిరి దగ్గర వెనక నుంచి కారు గుద్దింది, రాజీ పడమంటున్నారు

ప్రశ్న: నిన్న సాయంత్రం కాణిపాకం నుంచి తిరుపతికి వస్తుంటే చంద్రగిరి దగ్గర ఒక కారు వెనక నుంచి గుద్దింది. డిక్కీ లోపలికి పోయింది. పైకి దెబ్బలేమీ లేవు కానీ వెనక సీట్లో ఉన్న మా వదినకు రాత్రి నుంచి మెడ తిప్పితే నొప్పి. అవతలాయన "కేసు వద్దు, రిపేరు డబ్బులిస్తా, కాగితం మీద సంతకం పెట్టండి" అంటున్నాడు. బండి ఈరోజే షెడ్డులో వేద్దామా అన్నా?

జవాబు: సంతకం మాత్రం పెట్టొద్దు తమ్ముడూ. ముందు వదినను ఆస్పత్రికి తీసుకెళ్ళు. మెడ దెబ్బ చాలాసార్లు మరునాటికే బయటపడుతుంది. చెయ్యి తిమ్మిరెక్కుతుంటే అసలు ఆలస్యం చేయొద్దు. తిరుపతి రుయా ప్రభుత్వాస్పత్రి క్యాజువాలిటీలో కారు ప్రమాదమని స్పష్టంగా చెప్పి ఎంఎల్‌సీ (పోలీసు కేసు కోసం డాక్టర్ రాసే గాయాల రికార్డు) రాయించు. ఉత్త ఓపీ చీటీలో మెడనొప్పి అని ఉంటే, అది ఎప్పటి నొప్పో అని ఇన్సూరెన్స్ వాళ్ళు వాదిస్తారు.

మనిషికి దెబ్బ తగిలితే 24 గంటల లోపు పోలీసులకు చెప్పాలని మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. కాబట్టి సాయంత్రం కాకముందే చంద్రగిరి స్టేషన్‌కు వెళ్ళు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదు ఇచ్చినవాళ్ళకు ఉచితమే, అడిగి తీసుకో.

బండి ఇప్పుడే విప్పించొద్దు. మీ ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకో. నష్టం లెక్కగట్టడానికి కంపెనీ పంపే సర్వేయర్ చూశాకే రిపేరు. కేసు అయితే రవాణా శాఖ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కూడా చూడాల్సి వస్తుంది.

ప్రశ్న: ఆస్పత్రి ఖర్చు ఎవరిస్తారు? ఆయన బండికి ఇన్సూరెన్స్ ఉందో లేదో కూడా తెలీదు.

జవాబు: ఆయన బండి నంబర్ ఉంటే ఎంపరివాహన్ యాప్‌లో కనిపిస్తుంది. మీది కాంప్రెహెన్సివ్ పాలసీ (సొంత బండి నష్టానికీ వర్తించేది) అయితే డిక్కీ రిపేరు అందులో అయిపోతుంది, నో క్లెయిమ్ బోనస్ పోతుంది. వదిన చికిత్సకు, పరిహారానికి మాత్రం ఆయన థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (ఎదుటివాళ్ళకు జరిగిన నష్టానికి ఇచ్చేది) మీద మోటారు ప్రమాదాల పరిహార ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయాలి. చట్టంలో గడువు 6 నెలలు. 2025 మే నుంచి కేంద్రం పథకం ఒకటి ఉంది. జాబితాలో ఉన్న ఆస్పత్రిలో ప్రమాదం రోజు నుంచి 7 రోజుల వరకు, 1.5 లక్షల దాకా డబ్బు కట్టకుండా చికిత్స. స్టేషన్‌కు వెళ్ళినప్పుడు దాని గురించీ అడుగు.

ఇంకొకరి జవాబు: గాదంకి టోల్ దాటే వచ్చుంటారు, ఆ ఫాస్టాగ్ మెసేజ్ తీసేయొద్దు. మీరు ఆ టైముకు ఆ రోడ్డు మీద ఉన్నట్టు రుజువు. గుద్దిన చోట అంగళ్ళలో సీసీ కెమెరాలుంటే ఈరోజే వెళ్ళి అడగండి, కొన్నాళ్ళకు పాత రికార్డింగ్ చెరిగిపోతుంది. ఆయన మళ్ళీ ఫోన్ చేస్తే, చెప్పేదేదో వాట్సాప్‌లో రాసి పంపమనండి.