నర్సు చెల్లెలికి కువైటా, జర్మనీయా? జీతం చూడాలా, పీఆర్ చూడాలా?

ఇందుకూరుపేట రైతుబిడ్డ

మా చెల్లెలు బీఎస్సీ నర్సింగ్ చేసి నెల్లూరులో ఓ ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పనిచేస్తోంది. కువైట్‌లో మా పిన్ని వాళ్లున్నారు. పోగానే జీతం మొదలవుతుంది, దాని మీద పన్ను లేదు. జర్మనీ అయితే ముందు భాష నేర్చుకోవాలి, డబ్బు కళ్లజూసేసరికి ఏడాదిన్నర పట్టేట్టుంది, కానీ తర్వాత పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వస్తుందంటున్నారు. 2025లో అమెరికా సుంకాలు పెంచాక రొయ్య రేటు పడి నాన్నకు చెరువు మీద అప్పు మిగిలింది. ఇంట్లో అందరూ కువైట్ అంటున్నారు, చెల్లెలికి మాత్రం జర్మనీ మీద మనసు. మీరైతే ఏం చేస్తారు?

ఉదయగిరి కువైట్ అన్న

తమ్ముడూ, మొహమాటం లేకుండా చెప్తా, కువైటే. ఉదయగిరి, ఆత్మకూరు వైపు వచ్చి చూడు. ఎన్ని మిద్దెలు లేచినా, ఎంతమంది ఆడపిల్లల పెళ్లిళ్లయినా వెనకాల కువైట్ దినార్లున్నాయి. మనం పోయేది సంపాదించి ఇంటికి రావడానికి, అక్కడ స్థిరపడటానికి కాదు. ఖాదిం వీసా మీద ఇంటిపనికి పోయినవాళ్ల కష్టాలు నర్సుకు ఉండవు. అప్పున్న ఇంట్లో సంపాదించే పిల్లను భాష కోసం కూర్చోబెడితే వడ్డీ ఆగుతుందా?

ఒంగోలు అక్క, స్టుట్‌గార్ట్

నేనూ నర్సునే, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

కువైట్ సంపాదనను నేను తక్కువ చేయను. కానీ జీతం ఎంతని అడిగే ముందు ఇంకో రెండు అడగాలి. ఈ పర్మిట్ ఎవరి చేతిలో ఉంటుంది? ఎన్నేళ్లు చేస్తే ఇంకొకరి దయ మీద ఆధారపడకుండా ఉండే హక్కు వస్తుంది? కువైట్‌లో ఆకామా, అంటే నివాస పర్మిట్, యజమానితో ముడిపడి ఉంటుంది. ఇరవై ఏళ్లు చేసినా శాశ్వత నివాసం రాదు. 2025 జూలై 1 నుంచి ప్రైవేటు కంపెనీల్లో పనిచేసే విదేశీయులు దేశం దాటాలంటే యజమాని ఒప్పుకున్న ఎగ్జిట్ పర్మిట్ ఉండాలి. అమ్మకు బాగాలేదని రాత్రిపూట ఫోన్ వస్తే, ఆ అనుమతి వచ్చేదాకా ఎంత టెన్షనో ఆలోచించండి.

జర్మనీలో కూడా మొదటి పర్మిట్ ఉద్యోగాన్ని బట్టే ఇస్తారు. అయితే 2023 నవంబర్‌లో నిబంధన మారింది. అర్హతకు గుర్తింపు పొందిన నర్సు మూడేళ్లు పనిచేసి, 36 నెలలు పింఛను నిధికి కట్టి, జర్మన్ భాషలో బీ1 స్థాయి (ఏ1, ఏ2, బీ1, బీ2 అని మెట్లుంటాయి) చూపిస్తే శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంతకుముందు నాలుగేళ్లు ఉండేది. అది చేతికొచ్చాక ఆసుపత్రి మారినా, పని మానేసినా ఉండే హక్కు పోదు. ఆరు నెలలకు మించి దేశం బయట ఉండిపోతే మాత్రం మామూలుగా రద్దవుతుంది.

ఇక కష్టాలు. నర్సు లైసెన్సుకు సాధారణంగా బీ2 కావాలి. మన డిగ్రీని అక్కడి చదువుతో పోల్చి చూసి, తక్కువైన దానికి పరీక్ష రాయమంటారు, లేదా ఆసుపత్రిలోనే శిక్షణ తీసుకోమంటారు. లైసెన్సు వచ్చేదాకా సహాయకురాలి జీతమే. ఆ తర్వాత కూడా దాదాపు మూడో వంతు పన్నులకు, బీమాకు, పింఛనుకు పోతుంది. ఇంకోటి ఎవరూ ముందు చెప్పరు: పేషెంటుకు ఒళ్లు తుడవడం, అన్నం తినిపించడం ఇక్కడ నర్సు పనే. మన దగ్గర అవన్నీ ఆయాలు, ఇంటివాళ్లు చూసుకుంటారు. ఐసీయూలో చేసొచ్చి ఈ పని చూసి ఏడ్చిన పిల్లలు నాకు తెలుసు. చెల్లెలికి ఇది ఇప్పుడే చెప్పండి.

కందుకూరు సాఫ్ట్‌వేర్, టెక్సాస్

అక్క అడిగినవాటికి ఇంకోటి కలపండి: ఆ హక్కు నిజంగా ఎన్నాళ్లకు చేతికొస్తుంది? అమెరికాలో మా ఉద్యోగ వీసా హెచ్-1బీ ఆరేళ్లు. ఈలోగా ఐ-140, అంటే గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు, ఆమోదమైతే పొడిగించుకుంటూ పోవచ్చు. కాగితం మీద గ్రీన్‌కార్డుకు దారి ఉన్నట్టే. కానీ ఉద్యోగ కోటాలో ఏడాదికి సుమారు 1,40,000 కార్డులే, ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి, భార్యాపిల్లలూ అదే లెక్కలోకి వస్తారు. 2025 చివర్లో ఇండియావాళ్లకు ఈబీ-2 (పెద్ద చదువులవాళ్ల ఉద్యోగ కోటా) తేదీ ఇంకా 2013లోనే ఉంది. పన్నెండేళ్ల కిందట వరుసలో నిలబడ్డవాళ్ల వంతు అప్పటికి వచ్చిందన్నమాట. నా కూతురు ఇక్కడే పెరిగింది. 21 నిండితే నా మీద ఆధారపడిన వీసా తనకు చెల్లదు. ప్రతి పుట్టినరోజుకూ ఇంట్లో అదే దిగులు. జర్మనీలో ఇలా దేశాలవారీ పరిమితి లేదు. ఆ మూడేళ్ల విలువ మాలాంటి వాళ్లకు తెలుసు.

పొదిలి మాస్టారు

మీరంతా పోయేవాళ్ల వైపు నుంచే మాట్లాడుతున్నారు. పీఆర్ వచ్చిన పిల్లలు తిరిగి రారు. మా వీధిలో పెద్ద పెద్ద ఇళ్లలో ముసలివాళ్లు ఇద్దరిద్దరే ఉంటున్నారు. కువైట్ పోయినవాళ్లు ఎప్పటికైనా ఇంటికి చేరారు. దీన్ని కూడా లెక్కలో వేసుకోండి నాయనా.

ఒంగోలు అక్క, స్టుట్‌గార్ట్

మాస్టారూ, ఆ బాధ మా ఇంట్లోనూ ఉంది. కానీ పీఆర్ ఉన్న మనిషి అవసరమైతే ఉద్యోగం వదిలేసి వచ్చి, అమ్మ దగ్గర మూడు నెలలుండి, తిరిగి పోయి ఇంకో ఆసుపత్రిలో చేరగలదు. ఆకామా మీద ఉన్న మనిషి ఉద్యోగం వదిలితే ఆకామా కూడా పోతుంది.

ఉదయగిరి కువైట్ అన్న

అక్కా, ఎగ్జిట్ పర్మిట్ మాట నిజమే, మా కంపెనీలో మాత్రం దానితో ఇబ్బంది పెట్టలేదు. నా భయం వేరే. జర్మనీ పేరు చెప్పి కన్సల్టెన్సీల వాళ్లు లక్షలు అడుగుతున్నారు. అంతా కట్టాక బీ2 తప్పితే ఆ అప్పు ఎవరు తీరుస్తారు?

ఒంగోలు అక్క, స్టుట్‌గార్ట్

లక్షలు అడిగినచోట లేచి వచ్చేయండి. నర్సులు అవసరమైంది ఇక్కడి ఆసుపత్రులకు, నియామకం ఖర్చు వాళ్లే పెట్టుకునే పద్ధతి ఉంది. కేరళలో ప్రభుత్వ సంస్థ నోర్కా రూట్స్ ట్రిపుల్ విన్ పథకంలో అలాగే పంపిస్తోంది. మన దేశంలో రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. కువైట్‌కైనా జాగ్రత్త కావాలి: గల్ఫ్‌కు నర్సుల నియామకం ప్రభుత్వ ఏజెన్సీల ద్వారా జరగాలని 2015లో కేంద్రం నిబంధన తెచ్చింది, కేంద్రం వారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో క్లియరెన్సు ఉండాలి. ఉద్యోగం కొనుక్కుని పోవడం ఎంత ప్రమాదమో కెనడా చూస్తే తెలుస్తుంది. దొంగ ఆఫర్ల అమ్మకం ఎక్కువైందని 2025 మార్చి 25 నుంచి పాయింట్లు చూసి పీఆర్‌కు ఎంచుకునే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో జాబ్ ఆఫర్ పాయింట్లే ఎత్తేశారు.

చెల్లెలు ఉద్యోగం మానక్కర్లేదు. డ్యూటీ చేస్తూనే ఏ1, ఏ2 చదవొచ్చు. గోథె సంస్థ పెట్టే జర్మన్ పరీక్ష చెన్నైలో ఉంది, నెల్లూరు నుంచి పొద్దున రైలెక్కితే చాలు. బీ1 దాకా వచ్చాక తనకు భాష ఒంటబడుతోందో లేదో తెలిసిపోతుంది. అప్పటికీ కువైట్ ఎక్కడికీ పోదు.

ఇందుకూరుపేట రైతుబిడ్డ

ఇదంతా నాన్నకు చదివి వినిపించా. ఏ2 దాకా చూద్దాం, ఉద్యోగం మాత్రం మానొద్దు అన్నాడు. అక్కా, ఒక కన్సల్టెన్సీ వాళ్లు మేమే భాష నేర్పిస్తాం, మూడేళ్ల బాండు రాయాలి, సర్టిఫికెట్లు మా దగ్గరే ఉంచాలి అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

ఒంగోలు అక్క, స్టుట్‌గార్ట్

వద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వొద్దు. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో అంకెల్లో రాయని ఒప్పందం మీద సంతకం పెట్టొద్దు. ఆసుపత్రి ఇచ్చే కాంట్రాక్టు వచ్చినప్పుడు పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, జర్మన్‌లో ఉన్నా నేను చదివి చెప్తా.

ఉదయగిరి కువైట్ అన్న

నా మాట నేను మార్చుకోను తమ్ముడూ, మొదట అప్పు తీరాలి. కానీ ఉద్యోగం మానకుండా చదువుతుందంటే అభ్యంతరం లేదు. బీ1 తప్పితే చెప్పు, ఇక్కడ నర్సు పోస్టులు పడినప్పుడు కబురు చేస్తా.